తిరిగిచ్చే చెయ్యి

కువైట్‌లోని జాబ్రియాలో ఆ ఇంటికి పనికి వచ్చేనాటికి ఆస్మాకు టేబుల్ టెన్నిస్ అనే ఆట ఒకటుందనే తెలియదు. రాయచోటిలో ఆమె చూసిన ఆటలు రెండే: మగపిల్లలు రోడ్డు మీద ఆడే క్రికెట్టు, ఆడపిల్లలు గడప లోపల ఆడే అచ్చనగాయలు. వంట, ఉతుకు, ఇస్త్రీ, ముసలావిడకు కాళ్ళు పట్టడం అని ఏజెంటు చెప్పిన పనుల్లో బంతాట లేదు. ఏజెంట్లు చెప్పే పనులకన్నా చెప్పని పనులే గల్ఫులో ఎక్కువ. ఆ లెక్కన ఇది తేలికైన పనే అనుకోవాలి.

ఆ ఇంటి పిల్ల లుల్వాకు పద్నాలుగేళ్ళు. క్లబ్బు జట్టులో చేరాలని పట్టుబట్టింది. మగవాళ్ళు సాయంత్రాలు కూర్చుని టీలు తాగే దివానియా గదిలో సోఫాలు ఒక పక్కకు జరిపించి వాళ్ళ నాన్న నీలం బల్ల వేయించాడు. వారానికి రెండుసార్లు ఈజిప్టు కోచ్ వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఎదురుగా నిలబడే మనిషి కావాలి. తమ్ముళ్ళు ఐప్యాడ్లు వదలరు. ఇంట్లో ఖాళీగా ఉన్నదెవరని చూస్తే, పొద్దున లేచింది మొదలు ఖాళీ అన్నదే ఎరగని ఆస్మా కనిపించింది.

కోచ్ ఆమెకు ఒక్క విద్యే నేర్పాడు. బల్లకు దూరంగా నిలబడాలి, బంతి కిందికి దిగేదాకా ఆగాలి, అప్పుడు బ్యాటును బంతి అడుగున కోసినట్టు లాగాలి. అతని అరబ్బీ సగం అర్థమయ్యేది, సగం అయ్యేది కాదు. పెనం మీది దోసె కిందికి అట్లకాడ దూర్చినట్టు అని ఆస్మా తనకు తానే అర్థం చెప్పుకుంది. నేర్వగా నేర్వగా, లుల్వా ఎంత బలంగా బాదినా బంతి నెట్టును రాసుకుంటూ తిరిగి వచ్చేది. కోసిన బంతి ఏది, కోసినట్టు కనిపిస్తూ ఊరికే వచ్చే బంతి ఏది అన్నది ఎదుటివాళ్ళు కనిపెట్టలేకుండా పంపడం కూడా ఆమెకు వచ్చేసింది.

ఒకనాడు అలాంటి మాయబంతికి లుల్వా ఆట పోయింది. పిల్ల బ్యాటు విసిరికొట్టి, తలుపు ధడేలుమనిపించి, అన్నం మానేసి పడుకుంది. మామా, అంటే లుల్వా వాళ్ళమ్మ, వంటింట్లోకి వచ్చింది. తిట్టలేదు. ఫ్రిజ్‌లోంచి నీళ్ళ సీసా తీసుకుంటూ, చాలా నెమ్మదిగా, "ఆస్మా, నీ పని బంతి తిరిగి ఇవ్వడం. గెలవడం నీ పని కాదు. ఖలాస్," అని వెళ్ళిపోయింది.

మామా చెడ్డది కాదు. జీతం నెలనెలా ఇస్తుంది, శుక్రవారం బయటికి వదులుతుంది, చెయ్యి చేసుకోదు. ఈ మూడూ లేని ఇళ్ళలో ఉన్నవాళ్ళు ఆస్మాను చూసి అదృష్టవంతురాలివి అంటారు. అదృష్టవంతులకు ఫిర్యాదు చెప్పుకునే హక్కు ఉండదు కాబట్టి ఆస్మా ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు.

ఆ రోజు నుంచి ఆమె తిరిగి ఇవ్వడం ఒక్కటే నేర్చుకుంది. ఆ నేర్చుకోవడం కూడా మామూలుగా కాదు. లుల్వా భుజం వాలిందంటే పిల్ల అలిసిందని అర్థం. అప్పుడు బంతి కుడిపక్కకు, నడుమెత్తులో, మెత్తగా వెళ్ళాలి. పెదవి కొరికిందంటే కోపం వస్తోంది. వెంటనే బాదడానికి వీలైనది ఒకటి ఇవ్వాలి. పంక్తిలో ఎవరి విస్తట్లో ఏది అయిపోయిందో అడక్కుండా కనిపెట్టి వడ్డించేవాళ్ళు ఉంటారు కదా, ఆస్మా చెయ్యి అలాంటిదైంది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తి అయినా ఫర్వాలేదన్నారు. లుల్వా ఏనాడూ కడపంక్తిలో కూర్చున్న పిల్ల కాదు.

లుల్వా క్లబ్బు జట్టులోకి వెళ్ళింది, కప్పు తెచ్చింది. ఇంటిల్లిపాదీ కప్పు పట్టుకుని వరసగా నిలబడితే ఫోటో తీసింది ఆస్మా. అందులో ఎవరి తలా తెగకుండా తీసినందుకు మామా మెచ్చుకుంది.

ఇదంతా పక్కింటి వంటమనిషి చిట్టెమ్మ కళ్ళబడకుండా ఉండదు. చిట్టెమ్మది అమలాపురం దగ్గర. ఆమె కళ్ళబడనిది ఆ వీధిలో ఇంకా జరగలేదు. ఒక గురువారం చెత్తసంచులు పారేసే చోట ఆస్మాను పట్టుకుంది.

"మన తెలుగోళ్ళ సంఘం వాళ్ళు ఆడోళ్ళకి ఈ బంతాట పోటీ పెడతన్నారే. రేపే, అబ్బాసియా స్కూల్లో. నీ పేరిచ్చేశాను."

"నన్నడగకుండానే ఇస్తివా అక్కా?"

"అడిగితే వద్దంటావని అడగలేదు. ఇను. ఆ స్కూలు ఆటల మేడం సత్యలక్ష్మి గారని, మా కాకినాడావిడ. ఆడపిల్లలకి ఆట నేర్పడానికి మనిషి కావాలంట. రేపు ఎవరు గెలిస్తే ఆళ్ళని తీసుకుంటానంది. నీకు వీజా ఇచ్చిన మీ కఫీల్‌తో స్కూలోళ్ళే మాట్టాడతారంట. వీజా మార్చుకోవచ్చు, గది అద్దెకి తీసుకోవచ్చు."

గది అన్న మాట దగ్గర ఆస్మా ఆగిపోయింది. ఆమె ఇప్పుడు పడుకునేది మెట్ల కింద, వాషింగ్ మెషీన్ పక్కన. ఆ తలుపుకు లోపలి గడియ లేదు. ఎవరికి చొక్కా కావాలన్నా తోసుకుని వస్తారు. లోపలి నుంచి గడియ పెట్టుకుని, పిలిచినా వెంటనే లేవనక్కర్లేని గది. ఆ రాత్రంతా ఆమెకు ఇక వేరే ఆలోచన లేదు. ఇంత చిన్న కోరికకు ఇంత ఆరాటం ఎందుకని ఆమెకే సిగ్గేసింది.

శుక్రవారం ఆ స్కూలు హాల్లో రెండు బల్లలు వేశారు. చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు, సమోసాలు, పిల్లల గోల. ఆస్మా మొదటి ఆట అహ్మదిలో పనిచేసే ఇంజనీరు భార్యతో పడింది. బంతి చేతిలోకి తీసుకోగానే జనం ఆమె వైపు చూశారు. అంతే, చెయ్యి వణికింది.

కువైట్‌కు వచ్చాక నలుగురూ ఆమెను తేరిపార చూసేది తప్పు జరిగినప్పుడే. చొక్కా కాలినప్పుడు, గాజుగ్లాసు పగిలినప్పుడు. మిగతా వేళల్లో ఆమె ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు. కాబట్టి ఇందరు ఒకేసారి చూసేసరికి ఏదో పాడుచేశానన్న భయం పట్టుకుంది. సర్వీసుకు ఎగరేసిన బంతి బ్యాటుకు తగలకుండా కిందపడింది. ఎవరో నవ్వారు. మొదటి గేమ్ చూస్తుండగానే పోయింది.

విరామంలో చిట్టెమ్మ నీళ్ళ సీసా పట్టుకుని వచ్చింది.

"ఏంటే ఆ వణుకు? జొరమొచ్చిందా?"

"నా చేత కాదు అక్కా. జనాలు చూస్తాంటే నాకు చెయ్యి ఆడల్యా. పోదాం పా."

"ఎక్కడికి పోతావ్, ఆ మెట్ల కిందకా? నా మాటిను. ఈ జనం లేరు. ఈ హాలూ లేదు. ఎదర నిలబడింది మీ లుల్వా పాప అనుకో. మీ ఇంట్లో ఆడినట్టు ఆడు, ఇంకేటీ వద్దు."

ఆస్మా కళ్ళు మూసుకుని తెరిచింది. బల్లకు అటువైపు లుల్వా నిలబడి ఉంది. రెండు అడుగులు వెనక్కి వేసి, మోకాళ్ళు కొంచెం వంచింది. చెయ్యి కుదుటపడింది.

ఆ తర్వాత ఆమెను కదిలించడం ఎవరి తరమూ కాలేదు. ఇంజనీరు భార్య బాదింది, తిరిగి వచ్చింది. మళ్ళీ బాదింది, మళ్ళీ వచ్చింది. మూడోసారికి ఆవిడకు చిరాకేసి బంతిని గోడకు కొట్టింది. ఆటలో చిరాకు పడ్డవాళ్ళు తమంతట తామే ఓడిపోతారు. ఆస్మా ఎవరినీ ఓడించలేదు, వాళ్ళు ఓడిపోయేదాకా నిలబడిందంతే. రెండో ఆటా అలాగే గెలిచింది, సెమీఫైనలూ అలాగే. సమోసాల దగ్గరున్నవాళ్ళు కూడా కుర్చీలు జరుపుకుని వచ్చారు. ఇప్పుడు ఎందరు చూసినా ఆమెకు వణుకు లేదు. చూస్తే చూడనీ అనిపించింది. ఇరవై తొమ్మిదేళ్ళ బతుకులో ఆమెకు అలా అనిపించడం అదే మొదలు. సత్యలక్ష్మి స్కోరు బల్ల వదిలేసి దగ్గరికొచ్చి నిలబడింది.

"డిఫెన్స్ ఎవరు నేర్పారమ్మా నీకు?" అని అడిగింది.

"మా ఇంట్లో పాపతో ఆడతాంటాను మేడం."

"బావుంది. ఫైనల్ కూడా చూస్తాను."

ఫైనల్లో ఎదుటి మనిషి నిలోఫర్. హైదరాబాద్ ఆవిడ, సాల్మియాలో ఉంటుంది, కాలేజీ రోజుల్లో ఆడిన చెయ్యి. ఆమె చిరాకు పడే రకం కాదు. బాదుతుంది, ఆగుతుంది, మెల్లగా నెడుతుంది, మళ్ళీ బాదుతుంది. రెండు గేములు ఆమెవి, రెండు ఆస్మావి. ఐదో గేమ్‌లో స్కోరు పాకుతూ పాకుతూ పది తొమ్మిది దగ్గరికి వచ్చింది. పది ఆస్మాది. ఇంకొక్క పాయింటు వస్తే చాలు.

నిలోఫర్ బలంగా కొట్టింది. ఆస్మా కోసింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ కోసింది. ఆ తర్వాతది కోసినట్టే చేసి ఊరికే పంపింది. నిలోఫర్ మోసపోయింది. ఆమె బ్యాటుకు తగిలిన బంతి గాల్లోకి ఎత్తుగా లేచి, నింపాదిగా ఆస్మా వైపు దిగింది. నిలోఫర్ ఎడమ మూలకు తూలిపోయింది, కుడివైపు బల్లంతా ఖాళీ. చిన్నపిల్లలైనా కొట్టేసే బంతి. "కొట్టవే," అని చిట్టెమ్మ కేక హాలంతా వినిపించింది.

ఆస్మా ముందుకు వచ్చింది, చెయ్యి ఎత్తింది. అంతలో ఎదుట నిలోఫర్ ముఖం కనిపించింది. కింది పెదవి పంటి కింద ఉంది. ఆస్మా ఆలోచించింది అంటే అబద్ధం. ఆలోచించడానికి వ్యవధి ఎక్కడిది? ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే మెత్తబడి, ఆ బంతిని కుడిపక్కకు, నడుమెత్తులో, నిలోఫర్ లేచి అందుకునేందుకు సరిపడా నెమ్మదిగా అందించింది.

నిలోఫర్ లేచి అందుకుంది. బాదింది. పది పది.

హాలంతా ఒక్కసారి ఉసూరుమంది. ఆస్మా తన చేతి వైపు చూసుకుంది. దానిది కాదు తప్పు. చెప్పిన పని చెప్పినట్టు చేసే చెయ్యి అది. ఈసారి ఏదేమైనా కొట్టాలని పళ్ళు బిగించి, వచ్చిన బంతిని బలంగా కొట్టింది. అది నెట్టులో పడింది. కొట్టడం ఆమెకు ఎవరూ నేర్పలేదు, నేర్చుకోనూ లేదు. ఆ తర్వాతి పాయింటుకు మళ్ళీ వెనక్కి వెళ్ళి తిరిగి ఇచ్చింది, ఇచ్చింది, ఇచ్చింది. చివరికి నిలోఫర్ మూలకు కొట్టిన బంతి అందలేదు.

చప్పట్లు కొట్టారు. ఆస్మాకు కూడా కొట్టారు, ఓడినవాళ్ళకు కొట్టేంత. సత్యలక్ష్మి దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఆట ఉందమ్మా నీ దగ్గర. గెలవడమే లేదు. పిల్లలకి నేను నేర్పించాల్సింది అదే కదా. ఏమీ అనుకోకు," అంది. ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. తప్పులేని మాటకు ఎదురు చెప్పడం ఎలాగో ఆస్మాకు తెలియదు. తల ఊపింది.

చిట్టెమ్మ ఏడుపూ కోపమూ కలిపి మీదపడింది. "నోటి దగ్గరకొచ్చిన కూడు నేలపాలు చేశావు గదే. ఎందుకు కొట్టలేదే? నీకు చెయ్యి లేదా?"

"కొడితే ఆ యమ్మ ఏడుస్తాదేమో అనిపిచ్చె అక్కా."

లుల్వా అనుకోమని తనే చెప్పిన మాట చిట్టెమ్మకు గుర్తొచ్చి ఉంటుంది. కొంగుతో ముఖం తుడుచుకుని, "బస్సు టైమైపోతోంది, సంచీ తెస్తానుండు," అని అటు వెళ్ళిపోయింది.

ఆస్మా ఒక్కతే కుర్చీలో కూర్చుంది. అరిచేతిలో బ్యాటు పిడి అచ్చు ఎర్రగా పడి ఉంది. మోసం చేసింది ఎవరో తేల్చుకుందామని చూస్తే ఎవరూ దొరకలేదు. మామా తిట్టలేదు, కోచ్ చెడుగా నేర్పలేదు, చిట్టెమ్మ మేలే కోరింది. అందరూ మంచివాళ్ళే అయినచోట పోయిన బతుకును ఎవరి దగ్గర అడగాలి? ఒళ్ళంతా మండిపోయింది. ఎవరినైనా పట్టుకుని గట్టిగా ఒక్క మాట అనేయాలనిపించింది.

అప్పుడే నిలోఫర్ కప్పు చంకలో పెట్టుకుని నవ్వుతూ వచ్చింది. మంచి మనిషి, గెలిచిన గర్వం ముఖంలో లేదు. పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మస్తుగ ఆడినవ్ ఆస్మా. నిజం చెప్తున్న, నీతోని ఆడినంత మంచిగ నాకు ఎవ్వరితోని ఆడబుద్ధి కాలే. ఎట్ల కావాల్నంటే అట్లనే ఇస్తవ్ బంతి." కొంచెం ముందుకు వంగింది. "మా బిల్డింగ్ల టేబుల్ ఉన్నది. జుమ్మా జుమ్మాకు వచ్చి నాతోని ఆడతవా? ఊరికెనే ఏం వద్దు, ఏదో ఒకటి ఇస్త. పెద్ద టోర్నమెంట్ వస్తున్నది, నాకు ప్రాక్టీస్ కావాలె."

వారం మొత్తంలో ఆస్మాకు ఉన్నది ఆ శుక్రవారం ఒక్కటే. చిట్టెమ్మతో బస్సెక్కి, ఊరికే దుకాణాలు చూసి, సముద్రం ఒడ్డున కూర్చుని, ఎవరూ ఏమీ అడగని ఒక్క పూట. రాను అనే మాట నాలుక మీదికి వచ్చింది కూడా. నిలోఫర్ ఆశగా చూస్తోంది.

"ఎన్ని గంటలకు రావల్ల మేడం?" అంది ఆస్మా.