యాభై ఎనిమిదో ర్యాంకు

నేను చదివిన యూనివర్సిటీ పేరు చెప్పను. చెబితే ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న నా క్లాస్‌మేట్లకు చిన్నతనంగా ఉంటుంది. నేను ఎమ్మెస్సీ బోటనీలో చేరిన ఏడాది ఇరవై నాలుగు సీట్లుంటే చేరింది తొమ్మిది మందిమి. ఎంట్రన్సు రాసిన వాళ్లందరికీ ర్యాంకే. దసరా సెలవులు దగ్గరికొచ్చినా మా హెడ్డుగారు కాంటీన్లో కనిపించిన ప్రతి కుర్రాణ్ణీ "ఏం బాబూ, డిగ్రీ అయిందా, చేరతావా?" అని అడుగుతూనే ఉండేవారు. ఇప్పుడు అదే డిపార్టుమెంటుకు దేశమంతా పేరు. కొత్త ల్యాబులు కట్టారు. మొక్కల తెగుళ్లు, పురుగుల మీద ప్రత్యేకంగా చదువు పెట్టారు. అక్కడ చదివిన వాళ్లను పరిశోధన సంస్థలు పిలిచి మరీ తీసుకుంటున్నాయి. ముప్ఫై సీట్లకు రెండు వేల మంది పోటీ. ఈ రోజు ఆ పరీక్ష రాస్తే నాకు సీటు రాదు. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

నా పేరు నీలవేణి. మాది విజయనగరం పక్క పల్లె. పదకొండేళ్లుగా అరకులో డిగ్రీ పిల్లలకు బోటనీ చెబుతున్నాను. నాకు ముక్కు మీద కోపమని పిల్లలంటారు. చదువు రాని వాళ్ల మీద నాకెప్పుడూ కోపం రాదు. అన్నీ వచ్చి, చేతిదాకా వచ్చినదాన్ని జారవిడుచుకునే వాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండిపోతుంది.

కిల్లో బేబి అనే నా స్టూడెంటు నన్ను అంతగా మండించింది. వాళ్లది అరకు దాటి కొండెక్కితే వచ్చే ఊరు. నాన్న గాసికి ఎకరన్నర కాఫీ తోట, మెట్ట నేలలో నూనెకి కాసిన్ని వలిసెలు, తిండికి చోళ్లు. పోయినేడు వానల్లో కాఫీకి కాయతొలుచు పురుగు వచ్చినప్పుడు అధికారులు జీపుల్లో వచ్చారు. పచ్చికాయా పండుకాయా చూడకుండా మొత్తం కోయించి, వేడినీళ్లలో ఉడకబెట్టించి పాతిపెట్టించారు. ఏడాది పంట మట్టిలో కలిసింది. కింద రాలిపోయిన కాయల్లో పురుగు బతికే ఉంటుంది కదా, దాని సంగతేమిటని బేబి అడిగిందట. అది చదువుకున్న వాళ్లు చూసుకుంటారమ్మా అన్నాడట ఆ ఆఫీసరు. మర్నాడు క్లాసు అవగానే నా టేబులు దగ్గరికొచ్చి నిలబడింది.

"మేడం, ఆ పురుగు సంగతి సదవాలంటే ఎక్కడ సదవాల?"

చెప్పాను. నేను చదివిన చోటే. అక్కడ సీటు చాలా కష్టమని కూడా చెప్పాను.

"ఎంత కష్టం?"

"రాష్ట్రం మొత్తం మీద వందలోపు రావాలి."

"అయితే వందలోపు రావాల," అంది. అంతే. మిగిలిన ఏడాదంతా నా ప్రాణం తీసింది. మధ్యాహ్నం అన్నం తిననిచ్చేది కాదు. పాత ప్రశ్నపత్రాలు పట్టుకొచ్చి, ఇదెందుకు, అదెందుకు కాదు అని వేధించేది. చివరికి యాభై ఎనిమిదో ర్యాంకు తెచ్చుకుంది.

మొదటి విడత కౌన్సెలింగులో ఓపెన్ సీట్లు ముప్ఫై తొమ్మిదో ర్యాంకు దగ్గర ఆగిపోయాయి. బేబికి ఎస్టీ కోటాలో సీటు వచ్చింది. ఫోన్లో పేరు చూపించింది. దాన్ని చూసి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. "ఇక మిగతాది వెబ్‌సైట్లో చెప్పినట్టు చేసుకో" అని మా మరదలి పెళ్లికి ఊరెళ్లిపోయాను. వారం తర్వాత తిరిగొచ్చేసరికి సీటు రద్దయిపోయింది. సీటు వచ్చాక అయిదు రోజుల్లోపు చేరుతున్నామని రిపోర్టు చెయ్యాలి. వీళ్లు చెయ్యలేదు.

ఆ కోపంతోనే కొండెక్కాను. గాసి వాకిట్లో నాగలి బాగు చేసుకుంటున్నాడు. నేను అరిచిందంతా ఓపిగ్గా విన్నాడు.

"మాకాడ తేనెపట్టు ఎవులు ముందు సూత్తే ఆళ్లు గురుతుకి సెట్టుకి అడ్డనార కట్టేత్తారు మేడం. పట్టు పండీదాకా ఇంకెవులూ ముట్టుకోరు. నెలైనా ముట్టుకోరు. మా గుంట బేబి పేరు ఆ కంప్యూటర్లో ఏసినారు గదా, కట్టినట్టే గదా అనుకున్నాం. వలిసెలు సల్లడం అయ్యాక ఎల్దామనుకున్నాం."

"అది కొండ కాదు బాబూ. అక్కడ నార కట్టినా కోసి పట్టుకుపోతారు" అన్నాను.

అతను నా వైపు చూసిన చూపులో తప్పు చేసినవాడి బెరుకు లేదు. ఇంకొకరు గుర్తు పెట్టుకున్నదాన్ని పట్టుకుపోయే మనుషులు కూడా ఉంటారా అన్న ఆశ్చర్యం ఉంది. నా కోపం సగం అక్కడే దిగిపోయింది. మిగతా సగం నా మీదికి తిరిగింది. నా రోజుల్లో సీటే మా కోసం ఎదురు చూస్తూ కూర్చునేది. ఆ అలవాటుతోనే "చేసుకో" అని ఒక్క ముక్క చెప్పి పెళ్లికి పోయాను. అయిదు రోజులే గడువని నేను మాత్రం చెప్పానా?

బేబి లోపల్నుంచి వచ్చింది. ఏడ్చినట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "స్పాట్ అడ్మిషన్లని పెట్టినారు మేడం. రెండు సీట్లు. ఓపెన్లో ఒకటి, ఎస్టీలో ఒకటి. శుక్రవారం పది గంటలకి. నాను ఎల్తాను. మీరొత్తారా?"

ఆ రెండో సీటు బేబి పోగొట్టుకున్నదే. అదీ పోతే ఈ ఏటికి ఇంక దారి లేదు.

గురువారమే కిందికి దిగి మా అక్క ఇంట్లో పడుకున్నాం. శుక్రవారం తొమ్మిదికి వెళ్లేసరికి హాలు కిక్కిరిసి ఉంది. ఒకప్పుడు మేం తొమ్మిది మందిమి ఈ మూల నుంచి ఆ మూలకు అరుచుకుని మాట్లాడుకున్న హాలు అది. ఇప్పుడు కిటికీల దగ్గర కూడా తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు.

మా బెంచీలో కొయ్యూరు నుంచి వచ్చిన రత్నాలు అనే అమ్మాయి కూర్చుంది. ఆమెదీ ఎస్టీ కోటాయే. ర్యాంకు నూట ముప్ఫై ఒకటి. "నీదెంత అక్కా?" అని బేబిని అడిగింది. యాభై ఎనిమిది అనగానే ఆ పిల్ల ముఖం వాడిపోయింది. కాగితాల సంచీ ఒళ్లో పెట్టుకుని, ఎలాగూ వచ్చాం కదా అన్నట్టు కూర్చుండిపోయింది. పాపం అనిపించింది. కానీ నా పిల్లకు సీటు ఖాయమన్న సంతోషమే ఎక్కువైంది. దాచడమెందుకు.

వరహాలరావు అనే గుమాస్తా మైకు పట్టుకుని ముందు ఓపెన్ సీటుకు పిలవడం మొదలుపెట్టాడు. నలభై ఒకటి రాలేదు. నలభై ఆరు రాలేదు. యాభై రెండు వేరే చోట చేరిపోయాడని ఎవరో అన్నారు. మంచి ర్యాంకుల వాళ్లు చాలామంది అప్పటికే సెంట్రల్ యూనివర్సిటీలకు పోయారు. వరహాలరావు కాగితం మీద వేలు కిందికి జరిపాడు, ఒక చోట ఆగాడు, మళ్లీ జరిపాడు.

"అరవై మూడు."

ముందు వరసలో ఒక కుర్రాడు, అతని తండ్రి గబుక్కున లేచారు. వాళ్లతో పాటు నా పక్కన బేబి కూడా లేచింది.

"యాభై ఎనిమిది పిలవలేదండి," అంది.

హాలంతా వెనక్కి తిరిగింది. నేను దాని చున్నీ పట్టుకుని లాగాను. "కూసోవే. నీ సీటు తర్వాత పిలుస్తారు. ఉన్నదాన్ని కూడా పాడుచేసుకోకు."

బేబి నా చేతిని మెల్లగా విడిపించుకుని ముందుకు నడిచింది.

వరహాలరావు చెడ్డవాడేం కాదు. నవ్వుతూనే చెప్పాడు. "నీకు ఎస్టీలో ఉంది కదమ్మా. అది నీకే వస్తుంది. ఎందుకు కంగారు?"

"ఓపెన్ అంటే ఎవులికండి?"

"అందరికీ."

"అందరిలో నాను లేనా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఉన్నావు లేమ్మా. కానీ ఓపెన్లో నీ కాగితాలు చూశాక ఏదైనా లేదంటే మళ్లీ ఎస్టీ సీటు ఇవ్వడం కుదరదు. ఆలోచించుకో."

ఇంత కష్టపడి ఇక్కడిదాకా వచ్చి, చేతిలో ఉన్నట్టే ఉన్న సీటును పణంగా పెడుతోంది. బేబి ఒక్కసారి వెనక్కి తిరిగింది. నన్ను చూస్తోందనుకుని వద్దని తల ఊపాను. అది చూసింది నన్ను కాదు. కొయ్యూరు పిల్లను.

"సూడండి," అని పాలిథిన్ కవరు టేబులు మీద పెట్టింది.

మెమోలు, టీసీ, కాండక్టు, పుట్టినతేదీ అన్నీ ఒక్కొక్కటే తీసి చూశారు. మైగ్రేషన్ సర్టిఫికెట్ దగ్గర వరహాలరావు రెండుసార్లు వెనకా ముందూ తిప్పాడు. తప్పేమీ దొరకలేదు. పక్కనే కూర్చున్న ప్రొఫెసరుగారు జాబితా తన వైపు లాక్కుని చూశారు. "ర్యాంకు వరసలో ఈ అమ్మాయే ముందు. రాసెయ్యండి," అన్నారు. వరహాలరావు ఓపెన్ అని ఉన్న గడిలో కిల్లో బేబి అని రాశాడు. బేబి సంతకం పెట్టి, అక్కడే నిలబడి రిపోర్టింగ్ కాగితం కూడా తీసుకుంది.

తర్వాత ఎస్టీ సీటు పిలిచారు. నూట ముప్ఫై ఒకటి అన్నా రత్నాలు వెంటనే లేవలేదు. తననేనని అర్థం కావడానికి దానికి కాస్త సమయం పట్టింది.

వరండాలో అరవై మూడో ర్యాంకు కుర్రాడి తండ్రి నన్ను ఆపాడు. లక్ష్మీప్రసాద్ అట, ఎస్.కోట వైపు రైతు. నా మాట తీరు విని తమ వైపుదాన్నేనని పోల్చుకున్నాడు.

"మీరైనా చెప్పాలి కదండీ మేడం. ఆళ్లకి ఆళ్ల సీటు ఉంది కదా. మావోడిది కూడా ఎందుకండి తీసుకోడం?"

ఇంకో రోజైతే గట్టిగా తగులుకుని ఉందును. కానీ పావుగంట క్రితం చున్నీ పట్టుకుని నేనన్నదీ ఇదే మాట. కూర్చో, నీది వేరే అని. పదకొండేళ్లు ఈ పిల్లలకు పాఠాలు చెప్పి నేను నేర్చుకున్నది ఇంతేనా అని సిగ్గేసింది.

"ఆ సీటు మీవాడిది అని ఎక్కడా రాయలేదండి. యాభై ఎనిమిది అయ్యాకే అరవై మూడు," అన్నాను. ఆయన బాధ నాకు తెలుసు. అయినా ఆయన్ని దాటి మెట్ల వైపు నడిచాను.

బేబి మెట్ల దగ్గర కవరు సర్దుకుంటోంది.

"బేబీ, నేను నిన్ను లాగి ఉండకూడదు. తప్పు చేశాను," అన్నాను.

పరవాలేదు మేడం అంటుందని ఎదురు చూశాను. పిల్లలు అలాగే అంటారు. పెద్దవాళ్లు నొచ్చుకుంటారని.

"తప్పే మేడం," అంది బేబి, నా కళ్లలోకి చూసి. తర్వాత రత్నాలు చెయ్యి పట్టుకుంది. "బేగి రండి. హాస్టలు కౌంటరు ఒంటిగంటకి మూసేత్తారంట."