జూన్‌లో కాసిన పసుపు అంజూరం

మా పెద్దబావగారికి కారు పెట్టుకోవడానికి చోటు కావాలి. అంతవరకూ నాకేమీ అభ్యంతరం లేదు. కారు కొన్నవాడు దాన్ని నెత్తిన పెట్టుకు తిరగలేడు కదా. కానీ ఆయన కన్ను పడింది మా పెరట్లో సందు వైపు మూల మీద. అక్కడ మా అత్తగారి అంజూరపు చెట్టు ఉంది.

ఆవిడ కొత్తకోడలిగా మర్గిలాన్ ఊళ్ళోని ఈ ఇంటికి వచ్చిన ఏడు, వాళ్ళమ్మ తన పెరటి చెట్టు కొమ్మను తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. అసలైన పసుపు అంజూరమని చెప్పి మరీ ఇచ్చింది. ఆ తల్లి గుర్తుగా మా అత్తగారి దగ్గర మిగిలిందల్లా అదే. బావగారిది పక్కిల్లే, వేరు కాపురం. మా ఆయన జోరా చిన్నకొడుకు కాబట్టి, మా ఆచారం ప్రకారం తల్లీ ఇల్లూ పెరడూ మా దగ్గరే ఉన్నాయి. పసుపు రకం చెట్టును కొట్టడానికి వీల్లేదని అత్తగారు ఒక్కమాటలో తేల్చేశారు. బావగారు ఆ మాటనే పట్టుకున్నారు.

"అయితే అది పసుపుదో కాదో తెలిసినవాడికి చూపిద్దాం ఆయీ. కాకపోతే నీకూ పట్టింపు ఉండదుగా?" అన్నారు తల్లితో, వెన్న రాసినట్టు.

కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని ముద్ర వెయ్యాలి. నాకు అప్పుడే అర్థమైంది. కానీ బావగారితో కోడలు నేరుగా మాట్లాడకూడదు. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆయనతో చెప్పాల్సినవన్నీ నేను టీ కూజాతోనో, పిల్లితోనో చెప్తున్నాను.

తెలిసినవాడంటే ఎవరనుకున్నారు? నుస్రత్. బజారులో పళ్ళెం నిండా ఆకులు పరిచి అంజూరాలు అమ్ముతాడు. టీ కొట్టులో బావగారి పక్క మంచం వాడిదే. వచ్చాడు, నేను పెట్టిన రొట్టె తుంచాడు, టీ తాగాడు, ఎవర్నీ అడక్కుండా చెట్టు మీద చెయ్యేసి పండొకటి కోసి రెండుగా చీల్చాడు.

"పసుపుది జూన్‌లో కాస్తుందా ఎక్కడైనా? ఆగస్టు రావాలి. పైగా ఇది చూడండి, సొరకాయలా ఎంత పొడుగో. పసుపుది రొట్టెలా బల్లపరుపుగా ఉంటుంది. లోపల గుజ్జు కూడా పాలిపోయి ఉంది. ఇదేదో సంకరం, ఆయీ. మీకు ఎవరో అంటగట్టారు."

ఎవరో కాదు. కన్నతల్లి. ఆ మాట అనేసి వాడు ఇంకో కప్పు టీ అడిగాడు.

"ఓ కూజా, ఆగస్టు దాకా ఆగితే రెండో కాపు కూడా కనిపిస్తుందని ఎవరికైనా చెప్పవే" అన్నాను నేను టీ పోస్తూ.

"మేస్త్రీలకు ఎల్లుండి రమ్మని చెప్పేశాను" అన్నారు బావగారు గాల్లోకి చూస్తూ.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. ఆకు చూడలేదు. పండు అడుగున కన్నులాంటి చిల్లు చూడలేదు. ఒక్క కాపు చూసి రకం తేల్చేశాడు. పోయిన ఏటి కొమ్మ చివర కాసే తొలి కాయ ఎప్పుడూ పొడుగ్గా, పాలిపోయే ఉంటుంది. కొత్త చిగురు మీద ఆగస్టులో వచ్చేదే బల్లపరుపుగా, పసుపుపచ్చగా తేనె కారుతూ వస్తుంది. ఒకే చెట్టు, రెండు రూపాలు. ఈ ఊళ్ళో అది ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఉంది. చలికాలం రాగానే అందరూ అంజూరాన్ని వంచి మట్టి కింద పూడుస్తారు, లేకపోతే మంచుకు చస్తుంది. పూడ్చేటప్పుడు పారతో మట్టి ఎత్తి కుమ్మరిస్తారు. కొమ్మ చివరలు విరుగుతాయి, కుళ్ళుతాయి. తొలి కాయల మొగ్గలు ఉండేది ఆ చివరల్లోనే. మా ఇంట్లో అలా కాదు. కింద గడ్డి, పైన గడ్డి, చివరలకు పాత బొంత, ఆ తర్వాతే మట్టి. అత్తగారు నాకు వంటకన్నా ముందు నేర్పిన పని అది. అందుకే మా చెట్టు జూన్‌లోనూ కాస్తుంది. బాగా చూసుకున్నందుకు దానికి పడిన శిక్ష ఇది.

నుస్రత్ మీద కోపం ఒక ఎత్తు. కానీ ఆ సాయంత్రం అత్తగారు నన్ను పిలిచి అడిగిన మాట ఇంకో ఎత్తు.

"హుర్మత్, నేనే కొమ్మ మార్చేశానంటావా? ఆ రోజు బండిలో వేరేవాళ్ళ మొక్కలు కూడా ఉన్నాయి. లేకపోతే మా అమ్మ... ఆవిడకు ఏది దొరికితే అది ఇచ్చి పంపిందేమో. బీదవాళ్ళం కదా."

"ఏం మాటలు ఆయీ అవి? ఆగస్టులో మీ చేత్తో కోసిన పళ్ళు మీరే మర్చిపోయారా?"

"అమ్మ చెట్టు పళ్ళ రుచి ఎప్పుడో మర్చిపోయాను, ఇన్నేళ్ళుగా నేనెరిగిన పసుపుదల్లా ఇదొక్కటే కదే. ఇదే సంకరమైతే నాకెలా తెలుస్తుంది?"

అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. మర్నాడూ అంతే. ఎనభై ఏళ్ళ మనిషి, పెరట్లోకి వెళ్ళి చెట్టుకేసి చూసి, తెలియని వాళ్ళను చూసినట్టు ముఖం తిప్పుకుని వచ్చేశారు. అది చూశాక నేను ఇంట్లో కూర్చోలేకపోయాను.

మేస్త్రీలు వచ్చే రోజు పొద్దున్నే నుస్రత్ ఇంటికే వెళ్ళాను. వాడు ఇంట్లో లేడు. వాడి భార్య మునిరా నాకు స్నేహితురాలే, ఆడవాళ్ళ విందుల్లో పక్కపక్కన కూర్చుంటాం. ఊరంతా పసుపు అంజూరమని కొనేది వాళ్ళ చెట్టు పళ్ళే. చుట్టూ తిరిగి చూశాను. ఒక్క కాయ లేదు.

"మా ఆయన చెట్టును పూడ్చడం నువ్వు చూడాలి, శత్రువును పాతిపెట్టినట్టు ఉంటుంది" అంది మునిరా నవ్వుతూ. "ఇక జూన్‌లో కాయలేం కాస్తుంది?"

అప్పుడు కనిపించింది. గోడ పక్కన ఒక కొమ్మ ఆవులపాక కప్పు కిందికి దూరి ఉంది. చలికాలంలో దాన్ని బయటికి లాగడం బద్ధకమై నుస్రత్ అలాగే వదిలేశాడట. పాకలోని ఎండుగడ్డి దాన్ని కాపాడింది. దాని చివర రెండు కాయలు, పొడుగ్గా, సొరకాయల్లా.

"మునిరా, ఈ కొమ్మ కోసుకుంటాను."

"కోసుకో. ఆయన అడిగితే ఆవు తినేసిందంటాను."

నేను ఇంటికి వచ్చేసరికి మేస్త్రీలు వచ్చేశారు. టేపు పట్టి మూల కొలుస్తున్నారు. బావగారు, నుస్రత్ పెరట్లోని మంచం మీద కూర్చున్నారు. మా ఆయన గుమ్మంలో నిలబడి మీసం నములుతున్నారు. ఆయన ఎప్పుడూ అంతే.

నేను మంచం మీద గుడ్డ పరిచి నుస్రత్ చెట్టు కాయనూ, మా చెట్టు కాయనూ పక్కపక్కనే చీల్చి పెట్టాను. ఆకు పక్కన ఆకు పెట్టాను. అత్తగారిని పిలిచి కూర్చోబెట్టాను.

"ఇది ఎవరి చెట్టుది?" అన్నాడు నుస్రత్.

"నీదే. పాకలోకి దూరిన కొమ్మ. ఆడలేక మద్దెల ఓడు అన్నారట. నీకు పూడ్చడం చేతకాక, కాసిన చెట్టుకు వంక పెట్టావు. నీది సంకరమైతే చెప్పు, ఈ రోజే బజారులో చెప్పి వస్తాను."

వాడు రెండు కాయలనూ తిప్పి చూశాడు. వాసన చూశాడు. తన ఆకును మా ఆకు మీద పెట్టి చూశాడు. తర్వాత టోపీ సర్దుకుని, "ఒకటే," అన్నాడు మెల్లగా.

మేస్త్రీలు టేపు చుట్టారు. అంతటితో అయిపోయిందనుకున్నాను. బావగారు తమ్ముడి వైపు తిరిగి ఏమన్నారో వినండి.

"సరే, పసుపుదే అనుకుందాం. అయితే ఏంటంట? నా కారు ఎండలో మాడిపోవాలా?"

ఇక నాకు కూజా గుర్తురాలేదు, పిల్లి గుర్తురాలేదు.

"మరి ఈయన్ని ఎందుకు తెచ్చారు బావగారూ?" అన్నాను, నేరుగా ఆయన కళ్ళలోకి చూసి. "పసుపుదైనా కొట్టేవాళ్ళు, కాకపోయినా కొట్టేవాళ్ళు. మధ్యలో మీ అమ్మ చేత అన్నం మాన్పించడం ఎందుకు?"

"జోరా, నీ పెళ్ళానికి ఎవరితో ఎలా మాట్లాడాలో నేర్పు."

"ఆమె సరిగ్గానే అడిగింది అకా," అన్నారు మా ఆయన. అన్నగారి మాటకు ఆయన ఎదురుచెప్పడం నేను వినడం అదే మొదటిసారి. "చెట్టు ఉంటుంది. కారు నీ గుమ్మం ముందు పెట్టుకో."

 అత్తగారు మా చెట్టు కాయ ముక్క నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలారు. తర్వాత నుస్రత్ చెట్టుది. రెండూ మింగాక పెద్దకొడుకు వైపు చూశారు.

"నా కారుకు చోటు కావాలమ్మా అని అడిగుంటే, ఏడుస్తూ అయినా ఇచ్చేదాన్నిరా. పెద్దవాడివి, ఎండలో నిలబడతావని ఇచ్చేదాన్ని. నువ్వు అడగలేదు. చచ్చిపోయిన మా అమ్మను అబద్ధాలకోరును చేశావు. నన్నెందుకు మోసం చేశావే అని ఆవిణ్ణి నేను మనసులో నిలబెట్టి అడిగాను, తెలుసా? మా అమ్మను అడిగాను."

బావగారు మంచం కింద చెప్పులు వెతుక్కున్నారు. ఎంత చెడ్డవాడైనా మా గుమ్మం దాటబోతుంటే, ఒక కప్పు టీ తాగి వెళ్ళమని అంటాం. అత్తగారు అనలేదు. కూజా నా చేతిలోనే ఉంది, వేడిగా, నిండుగా. నేనూ అనలేదు.