బొట్టు పెట్టి ఆపేసిన గడియారం

నేను ఒక చిప్‌ని, చిటికెన వేలి గోరంత ఉంటాను. కరెంటు ఉన్నా పోయినా టైమును లెక్కపెడుతూ ఉండటం నా పని. ఎక్కడో దూరదేశపు ఫ్యాక్టరీలో ఇసుక నుంచి పుట్టాను. అక్కడ నాకు ఎనిమిది కాళ్లు ఇచ్చారు, నోరు మాత్రం ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఆ శనివారం హెడ్‌మాస్టర్ రాజేశం సార్‌కు నాలుగు మాటలు చెప్పేదాన్ని.

నన్ను ఎంచుకున్నది సుప్రజ, పదో తరగతి పిల్ల. బళ్లో గంట దానంతట అదే మోగే యంత్రం చేసి జిల్లా సైన్స్ ప్రదర్శనకు తీసుకెళ్లాలని ఆమె కోరిక. బడికి ఒక్క ప్రాజెక్టుకే అవకాశం. పదో తరగతి కాబట్టి ఆమెకు ఇదే చివరిది.

సుప్రజ మేనమామకు మండలంలో మైకుల దుకాణం ఉంది. సుప్రజ అక్కడి బల్ల మీద మూడు రకాల చిప్‌లు పెట్టుకుని కూర్చుంది.

"గీ పెద్దది తీస్కోరాదె, టైం ఇంకా కరెక్టుగ చూపిస్తదట," అన్నాడు మామ.

"అది కరెంటు శాన తింటది మామా. మనూళ్లె కరెంటు పోతే సెల్లు ఊకె అయిపోతది."

"మరి గిది?"

"దాని కాళ్లు కడుపు కిందికున్నయి. మన వేడి కడ్డీ అందదు, సీసం కరిగిచ్చి పెట్టరాదు. గిదైతే కాళ్లు బయటికున్నయి, తిండి గూడ తక్కువ."

"తిండి తక్కువ, పని ఎక్కువ! నా దుకాణంల గసొంటోడు దొరికితే బాగుండు," అని మామ నవ్వాడు.

ఆమె ఊపిరి బిగబట్టి నా కాళ్లను ఒక్కొక్కటే అతికించింది. నా పక్కన బియ్యపు గింజంత క్రిస్టల్ ఒకటి పెట్టింది. అది సన్నగా కంపిస్తుంది, ఆ కంపనాన్నే నేను లెక్కపెడతాను. తక్కువ తినేదాన్ని కాబట్టి నా చెవికి అందేది గుసగుస మాత్రమే. క్రిస్టల్ కాళ్ల మధ్య కాస్త తడి చేరినా ఆ గుసగుస ఆగిపోతుంది. సుప్రజకు ఇది తెలుసు. అందుకే నన్ను వట్టి చేత్తో ముట్టుకునేది కూడా కాదు.

ప్రదర్శనకు వెళ్లే ఆ శనివారం, లోపలి పనితనం కనిపించాలని ఆమె పెట్టె మూత తీసి ఉంచింది. జీపు బడి వాకిట్లో ఆగింది. రాజేశం సార్ పళ్లెంలో తడి పసుపు, కుంకుమ తెచ్చారు. ఆయన బళ్లో కొత్త కుర్చీకైనా బొట్టు పెట్టకుండా వాడనివ్వరు.

"సార్, తడి తగలొద్దు సార్," అంది సుప్రజ. ఆ మాట ఆమెకే సరిగ్గా వినిపించి ఉండదు.

"పసుపు తడేంది బిడ్డా? శుభమని పంపుతుంటే అడ్డం మాట్లాడుతవా?"

బొటనవేలు దిగింది. చెక్క పెట్టెకు పెట్టవచ్చు, మూతకు పెట్టవచ్చు. సరిగ్గా క్రిస్టల్ నెత్తినే పెట్టారు. గుసగుస ఆగింది. ఒకరి కష్టం మొత్తాన్ని భక్తిగా చంపడం మనుషులకే చేతనవుతుంది.

గంట మోగలేదు. "చేత్తో అతికిచ్చినయి గింతే," అన్నారు సార్. నా బదులు వేరే పిల్లల థర్మోకోల్ రాకెట్టు జీపు ఎక్కింది. దానికీ బొట్టు పెట్టారు. థర్మోకోల్‌కు ఏమవుతుంది!

సుప్రజ ఏడవలేదు. స్పిరిట్‌తో, పాత టూత్‌బ్రష్‌తో నన్ను కడిగి, ఫ్యాను గాలికి ఆరబెట్టింది. గుసగుస మళ్లీ వినిపించింది.

సోమవారం ఆమె నన్ను పెట్టెతో సహా బడికి తెచ్చి గోడకు తగిలించింది. మొదటి పీరియడ్ గంట నేనే మోగించాను. రాజేశం సార్ గదిలోంచి పరుగున వచ్చారు.

"జూసిన్రా! పూజ ఊకె పోలె. జర ఆలస్యంగ పట్టింది, గంతే. మంచిగున్నది బిడ్డా, వచ్చే ఏడు పంపుదాం."

నా ఎనిమిది కాళ్లూ మండిపోయాయి.

"వచ్చే ఏడు నేనుండ సార్," అంది సుప్రజ.

"నువ్వు లేకుంటేంది? గిదుంటది గదా. ఎవల్నన్న పంపుతం."

సుప్రజ తీగ పీకింది. నన్ను గోడ మీద నుంచి దించి సంచిలో పెట్టుకుంది.

"అరె, మరి గంటెవలు కొడ్తరు?"

"మీరే కొట్టుండ్రి సార్."

ఈసారి ఆ మాట వరండా చివరిదాకా వినబడింది.