బండ్లు పోని బాట

శుక్రవారం తెల్లవారుజామున ఫజర్ నమాజ్ కాగానే ఖమర్ సుల్తానా రెండు సీసాల్లో నీళ్ళు నింపుకుంటుంది. రొట్టెలో ఆమ్లెట్ చుట్టి డబ్బాలో పెడుతుంది. దుపట్టా చక్రంలో చిక్కకుండా వెనక ముడి వేసి, పైన హెల్మెట్ పెట్టుకుని, హాల్లో గోడకు ఆనించిన పచ్చ సైకిల్‌ని లిఫ్టు దాకా నడిపించుకుపోతుంది. ముందు చక్రం పైకి లేపి నిలబెడితే తప్ప ఆ లిఫ్టులో సైకిల్ పట్టదు.

దోహా పక్కన అల్ వక్రాలోని ఆ బిల్డింగ్‌లో ఆమె ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. చేపల రేవు దాటాక సైకిల్ ట్రాక్ పెద్ద రోడ్డు కింద ఒక సొరంగంలోకి దూరుతుంది. సొరంగం అవతల ఫ్రాన్స్ వస్తుంది. పారిస్ కాదు, పల్లెటూళ్ళు. గోధుమ చేల మధ్య, కాలవల వెంట, సైకిళ్ళ కోసమే వేసిన దారి. కారు గానీ లారీ గానీ మోటార్ సైకిల్ గానీ దాని మీదికి రాకూడదు. తెలిసి కూడా బిల్డింగ్ వాళ్ళు ఎవరూ పోరు. వారానికి ఒక్క రోజు దొరికే నిద్ర పాడు చేసుకుని అంత దూరం ఎవరు తొక్కుతారు?

"ఎందాకా వచ్చిందక్కా మీ దారి?" అని అడిగింది ఒక శుక్రవారం కింద లిఫ్టు దగ్గర తెరెసా. రాజోలు దగ్గరి మనిషి. ఆస్పత్రిలో నైట్ డ్యూటీ దిగి వస్తోంది.

"కాలవ కాడికొచ్చిన. కాలవకు అడ్డంగ తలుపులున్నయ్ తెరెసా. పడవ లోపటికొస్తే తలుపులు మూసి, నీళ్ళు తగ్గించి, మెట్టు దించినట్టు దించుతరు."

"అవి లాకులు కదక్కా! మా వైపు కాలవలకీ ఉన్నాయి. చిన్నప్పుడు వాటి మీద కూర్చుని జీడిపళ్ళు తినేవాళ్ళం." తెరెసా నిద్ర కళ్ళు ఒక్కసారి విచ్చుకున్నాయి. "జాగ్రత్తగా వెళ్ళి రండి. మొన్నటి ఆ నల్లపళ్ళు దొరికితే ఓ గుప్పెడు తెండి, పిల్లాడికి నచ్చాయి."

ఖమర్ భర్త రఫీయుద్దీన్ అప్పటికి మేలుకునే ఉన్నాడు. కళ్ళు మూసుకుని లిఫ్టు తలుపు చప్పుడు వింటున్నాడు. సొంత ఊరు బోధన్. ఇద్దరూ కోపం వస్తే దక్కనీ ఉర్దూలో, తక్కిన వేళల్లో తెలుగులో మాట్లాడుకుంటారు. ఈ మధ్య ఇంట్లో దక్కనీ ఎక్కువైంది.

ఆయన డ్రైవింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుంటాడు. ఆయన కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఫిలిప్పీనో నర్సు అయినా, నేపాలీ కుర్రాడైనా ఆయన మాట ఒకటే: "స్లో, స్లో... బ్రేక్!" వాళ్ళు తొక్కేలోపే ఆయన తొక్కేస్తాడు. పొద్దున లుసైల్ వైపు, మధ్యాహ్నం ముఐథర్ వైపు, సాయంత్రం రౌండ్ అబౌట్ల చుట్టూ, రోజంతా హారన్ల మధ్యే.

దోహా వచ్చిన మొదటి ఏడు ఖమర్ అడిగింది, "నాకు గూడ నేర్పుండ్రి" అని.

"నీకెందుకు? యాడికన్నా తీస్కపోనీకి నేను లేనా?" అన్నాడు రఫీ.

ఆమె మళ్ళీ అడగలేదు. తాను ఆయాగా పనిచేసే నర్సరీలో ఒక ఫ్రెంచి టీచర్ దేశం వదిలిపోతూ పచ్చ సైకిల్ ఇచ్చిపోయింది. బిల్డింగ్ వెనక పార్కింగ్‌లో తెరెసా సీటు పట్టుకుని పరిగెడుతుంటే, రఫీ డ్యూటీలో ఉన్న సాయంత్రాల్లో, ఖమర్ తొక్కడం నేర్చుకుంది. ఆయనకు తెలిసేసరికి ఆమెకు మలుపులు కూడా వచ్చేశాయి. దోహాలో సగం మందికి స్టీరింగ్ పట్టడం నేర్పిన తనను కాదని, వేరే ఎవరి దగ్గరో నేర్చుకుందన్న మంట ఆయనకు పట్టుకుంది. పంతానికి ఆమె సైకిల్ తొక్కుతుంటే ఒక్కసారి కూడా చూడలేదు.

సొరంగం అవతలి దారికి ఒక మర్యాద ఉంది. పోయిన వారం ఎక్కడ ఆగితే ఈ వారం అక్కడే తెరుచుకుంటుంది. ఖమర్ మొదట్లో పాత రైలు దారి మీద పోయింది. పట్టాలు పీకేసి, చదును చేసి, సైకిళ్ళకు వదిలేశారట. స్టేషన్లలో ఇప్పుడు సంసారాలున్నాయి. టికెట్లిచ్చే కిటికీలకు పూల తెరలు కట్టుకున్నారు. తరవాత వైన్ కోసం వేసిన ద్రాక్ష తోటలు, ఒక అడవి, ఇప్పుడు కాలవ గట్టు. సముద్రం దాకా పోతుందని దారి పొడవునా బోర్డులున్నాయి.

ఆమె ఇంటికొచ్చే వేళకు రఫీ టీవీ ముందు కూర్చుని ఉంటాడు. బయట ఎండకు రోడ్డు మరిగిపోతుంటే ఆమె బట్టలు వానకు తడిసి ఉంటాయి. దుపట్టా పిండితే బాల్కనీలో నీళ్ళు కారతాయి. వేళ్ళు నల్లపండ్ల రసంతో ఊదారంగు తేలి ఉంటాయి. చెప్పులు విప్పుతూ కూనిరాగం తీస్తుంది. ఆ రాగం ఆయన ఒళ్ళంతా మంటలా పాకుతుంది.

ఆ శుక్రవారం ఆమె కాలవ తలుపుల సంగతి చెప్తూ సంచిలోంచి పండ్లు తీసి పెడితే రఫీ అడిగాడు, "ఆ తలుపుల కాడ ఎవరుంటరు?"

"ఒక పెద్దాయన ఉంటడు. పడవొస్తే తెరుస్తడు."

"ఎంత పెద్దాయన?"

ఖమర్ ఆయన ముఖం చూసింది. "మీ కన్న పెద్దోడే."

"పేరేంది?"

"అడగలే."

"అడగకుంటనే రేగ్గాయలిచ్చిండా?"

"అవి రేగ్గాయలు గావు. ఆలూబుఖారా. రొట్టె ముక్క నేనిచ్చిన, ఆలూబుఖారా ఆయనిచ్చిండు. ఆయన బోఁజూర్ అన్నడు, నేను బోఁజూర్ అన్న. ఎదురొచ్చినోళ్ళందరూ అట్లనే అంటరక్కడ."

"మొగోళ్ళు గూడనా?"

"సైకిలు మీదున్నోళ్ళందరు," అంది ఖమర్, తల తుడుచుకోవడానికి లోపలికి పోతూ. "మీరు గూడ రాండ్రి ఒకసారి. బండ్ల చప్పుడే ఉండది."

"బండ్లే లేకుంటే అది రోడ్డెట్లయితది?" అన్నాడు రఫీ టీవీ వైపు చూస్తూ.

ఆ ఆలూబుఖారాలను ఆయన ముట్టుకోలేదు. ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా అవి తనను చూసి నవ్వుతున్నట్టే ఉండేది. రెండో రోజు అన్నీ తీసుకుపోయి తెరెసా పిల్లాడికి ఇచ్చేశాడు. అక్కడ తెరెసా ఊరుకోకుండా, "అక్క ఇంకో రెండు మూడు వారాల్లో సముద్రం చూసేస్తుందంటండి అన్నయ్యగారూ, ఎంత అదృష్టమో!" అంది.

సముద్రం చేరాక ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. దారి అయిపోతే ఆమె తిరిగొస్తుందా? వచ్చినా, ఈ రెండు గదుల్లో మునుపటిలా ఉండగలదా? ఆ గురువారం సాయంత్రం రఫీ పచ్చ సైకిల్ ముందు చక్రం ఊడదీసి, తన ట్రైనింగ్ కారు డిక్కీలో పడేసి తాళం వేశాడు.

తెల్లవారి ఖమర్ సీసాలు నింపుకుని, రొట్టె చుట్టుకుని, దుపట్టా ముడి వేసుకుని హాల్లోకి వచ్చింది. గోడకు ఆనించిన సైకిల్‌కు ముందు చక్రం లేదు. అరవలేదు. హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి, అదే రొట్టె ఆయన ముందు పెట్టింది.

"తినుండ్రి. చల్లారితే గట్టిగైతది."

ఆ వారమంతా ఆమె వండింది, పనికి పోయింది, వచ్చింది. రాగం మాత్రం తీయలేదు. ఏ రాగం వింటే ఒళ్ళు మండేదో అది వినిపించకపోయేసరికి రఫీకి అన్నం సహించలేదు. అయినా చక్రం తిరిగివ్వబుద్ధి కాలేదు. అసలు ఆ దారిలో ఏముందో తానే చూడాలనుకున్నాడు. వీలైతే ఆమె కన్నా ముందు తానే సముద్రం చూసి వచ్చి, "ఇంతేనా?" అనాలనుకున్నాడు.

తరవాతి శుక్రవారం ఖమర్ ఇంకా నమాజు మీద ఉండగానే సైకిల్ కారులో వేసుకుని సొరంగం దగ్గరికి పోయాడు. అక్కడ గార్డు డ్యూటీలో జలంధర్ ఉన్నాడు, మెట్‌పల్లి వాడు. కారును ఆపమని చెయ్యి ఎత్తాడు.

"అన్నా, బండికి మాఫీ, లోపటికి పోరాదు. సైకిలైతే పో."

రఫీ చక్రం బిగించి ఎక్కాడు. బోధన్‌లో అద్దె సైకిల్ తొక్కిన కాళ్ళు, మరిచిపోలేదు. సొరంగంలో చల్లగాలి కొట్టింది. బయటికి రాగానే దారికి అడ్డంగా రెండు కొయ్య గుంజలు, వాటి మధ్య నుంచి సైకిల్ దూరేంత సందు. అవతల పాత రైల్వే స్టేషన్. కిటికీకి పూల తెర. కాలవా లేదు, లాకులూ లేవు.

ఆయన వెనక్కి వచ్చి జలంధర్ మీద ఎగిరాడు. "మా ఇంటామె కాలవ కాడికి పోయింది గదా! నాకు ఇదేంది, మొదటి స్టేషనొచ్చింది?"

"అక్క తొక్కింది, అక్కకు కాలవొచ్చింది. నువ్వు ఇయ్యాలనే గదా వచ్చింది? ఎవరి దారి వాళ్ళకు మొదటి నుంచే."

రఫీ పళ్ళు కొరుకుతూ మళ్ళీ లోపలికి పోయాడు. ఎంత తొక్కినా దారి తిన్నగా పోతూనే ఉంది. హారన్ లేదు. కాలు అలవాటు కొద్దీ లేని బ్రేకును నొక్కుతోంది. కాసేపటికి ఎవరూ ఎదురు రారని తెలిసి ఆ కాలు ఊరుకుంది. ఒక ముసలమ్మ కుక్కను పట్టుకుని పోతూ "బోఁజూర్" అంది. ఆయన తొట్రుపడి "సలాం" అన్నాడు. రెండో స్టేషన్ కనబడకముందే ఊపిరి అందక గడ్డి మీద కూలబడ్డాడు. పక్కన బోర్డు మీద సముద్రం బొమ్మ, దాని కింద కిలోమీటర్ల అంకె. ఆ అంకెను చాలాసేపు చూశాడు. ఆ దూరంలో చాలా మటుకు ఖమర్ తన కాళ్ళతో, వానలో, ఎవరి సాయమూ లేకుండా తొక్కింది. ఇన్నాళ్ళూ ఆ దారి మీద ఎవరో మగవాడు ఉంటాడని కుళ్ళుకున్నాడు. ఎవరూ లేరు. ఆమే ఉంది. అది ఆయనకు ఇంకా కష్టంగా తోచింది.

ఇంటికి సైకిల్ మోసుకొచ్చేసరికి ఖమర్ తలుపు దగ్గరే ఉంది. ఆయన ప్యాంటు మీద బురద చూసింది.

"యాడి దాక పోయిండ్రు?"

"మొదటి స్టేషన్ దాటిన." బురద దులుపుకుంటూ, "రెండోది రాలే" అన్నాడు.

ఆమె నవ్వు ఆపుకోవడానికి దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత నూనె వేడి చేసి తెచ్చి, "పిక్కలకు రాస్కోండ్రి, పొద్దున లేవరాదు" అంది.

ఆ తరవాత కొన్ని వారాలకు ఖమర్ సముద్రం చేరింది. ఆ రోజు రఫీ సొరంగం దగ్గర కారు పక్కనే ఎండలో నిలబడి ఎదురుచూశాడు. ఆలస్యమైన కొద్దీ జలంధర్‌ని పదే పదే టైమడిగాడు. చివరికి ఆమె సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది. సల్వార్ అంచులు ఉప్పు నీళ్ళకు గట్టిపడి ఉన్నాయి. కళ్ళు ఎక్కడో ఉన్నాయి.

"అయిపోయిందా?" అన్నాడు రఫీ.

"పోవుడు అయిపోయింది. ఇగ అటునుంచి ఇటు రావాలె."

మర్నాడే రఫీ తనకో సైకిల్ కొనుక్కున్నాడు. ఇక శుక్రవారాల్లో లిఫ్టు రెండుసార్లు దిగవలసి వచ్చేది. ఇద్దరూ పక్కపక్కనే సొరంగంలోకి పోయేవాళ్ళు. లోపల చీకట్లో ఆమె బెల్లు వినబడేది, వెలుతురు రాగానే ఆమె ఉండేది కాదు. ఆమె సముద్రం వైపు నుంచి వెనక్కి, ఆయన స్టేషన్ల వైపు నుంచి ముందుకు. సాయంత్రం ఒకే పళ్ళెం ముందు కూర్చుని ఎవరు ఎక్కడిదాకా వచ్చారో చెప్పుకునేవాళ్ళు. ఆమె రోజుకు తొక్కిన దానిలో సగం కూడా తాను తొక్కలేదని తెలిసినప్పుడు ఆయన ముఖం ముడుచుకునేది. రొట్టె మీద ఇంకొంచెం నెయ్యి వేసేది ఆమె. డ్యూటీలో మాత్రం నేర్చుకునేవాళ్ళకు తేడా తెలిసింది. ఆయన ముందే బ్రేకు తొక్కడం తగ్గింది.

చలి మొదలయ్యే రోజుల్లో ఒక శుక్రవారం రఫీ కాలవ గట్టు మీద పోతున్నాడు. రెండు వైపులా ఎత్తైన చెట్లు, ఆకులు రాలుతున్నాయి. దూరాన ఎదురుగా ఒక ఆడమనిషి సైకిల్ మీద వస్తోంది. సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతోంది. గాలికి వెనక గుడ్డ రెపరెపలాడుతోంది. తనలో తాను ఏదో పాడుకుంటూ నవ్వుతోంది. ఎవరినో కలవడానికి పోతున్న ముఖం అది, ఇంకాసేపట్లో కలుస్తానని తెలిసిన ముఖం. ఈమె ఎవని కోసం ఇట్ల పోతుందో, వాడు ఏం పుణ్యం చేసుకున్నడో, అనుకున్నాడు రఫీ. వాడెవడో తెలియకుండానే వాడి మీద కడుపు మండింది. దారి ఇద్దామని సైకిల్‌ని అంచుకు తీసి కాలు కింద పెట్టాడు.

సైకిల్ ఆయన ముందుకు వచ్చి ఆగింది.

"జరిగి నిలబడ్డరేంది?" అంది ఖమర్ ఆయాసపడుతూ.

రఫీ సైకిల్ దిగాడు. "గుర్తు పట్టలే" అన్నాడు. "ఎవరో అనుకున్న. ఆమె మొగుని మీద కుళ్ళుకున్న."

ఖమర్ హ్యాండిల్ మీద వాలిపోయి నవ్వింది. లాకు దగ్గరి పెద్దాయన తలుపులు తిప్పడం ఆపి ఇటు చూశాడు. రఫీ తానే ముందు చెయ్యెత్తి "బోఁజూర్" అన్నాడు.

ఆ తరవాతి శుక్రవారం నుంచి సొరంగం అవతల ఇద్దరికీ దారి ఒక్క చోటే తెరుచుకుంటోంది.