తెల్ల బర్చ్ దగ్గర

అలాస్కా అడవుల మధ్యనున్న ఆ సరస్సు మీద ఆ మధ్యాహ్నం గాలి లేదు. నీళ్ళు అద్దంలా పరుచుకున్నాయి. నీటి మీంచి లేచే విమానాలు నడిపేవాళ్ళకు అలాంటి నీళ్ళంటే గిట్టదు. విమానం కింద పడవల్లా తేలే ఫ్లోట్లను పట్టుకుని ఓ పట్టాన వదలవు.

పైలట్ వెర్నా ఫ్లోట్లలోకి ఊరిన నీళ్ళను చేతిపంపుతో తోడిపోసింది. ఓరిన్ తను వేటాడిన దుప్పి మాంసం సంచులను ఒక్కొక్కటే విమానంలోకి ఎక్కిస్తున్నాడు. కిందటి శరత్కాలంలో ఆమె తమ్ముడు ఎల్డన్ ఇక్కడే, ఇలాంటి బరువుతోనే విమానం లేపి, సరస్సు చివరి చెట్లకు గుద్దుకుని చనిపోయాడు. ఒడ్డున నిలబడి చూసినవాడు ఈ ఓరినే.

"ఇక చాల్లే. మిగతావి రెండోసారి," అంది వెర్నా.

"రెండోసారి వచ్చేసరికి ఎలుగుబంటి విందు చేసుకుంటుందక్కా."

"నువ్వు కాపలా కూర్చో. వారం నుంచీ స్నానం లేదుగా, వాసనకే పారిపోతుంది."

ఓరిన్ నవ్వాడు. "ఎల్డన్ ఇంతకంటే ఎక్కువే మోసేవాడు."

"మోసేవాడు," అంది.

ఇంకోసారి వద్దనాలి. అనలేదు. ఏడాదిగా ఆమెకు దేన్నీ వద్దనే ఓపిక లేదు. సంచులన్నీ ఎక్కాయి. ఓరిన్ వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

సరస్సు సగం దూరంలో ఒడ్డున ఒక తెల్ల బర్చ్ చెట్టుంది. అక్కడికల్లా విమానం నీటిని వదలకపోతే ఇంజను తగ్గించి ఆగిపోవాలి. ఆ గుర్తు పెట్టింది ఎల్డనే. పెట్టినవాడే దాన్ని దాటి ఎందుకు పోయాడో వెర్నాకు అంతుపట్టలేదు.

విమానం బరువుగా కదిలింది, మెల్లగా పరుగందుకుంది. బర్చ్ దగ్గరపడింది. కుడి ఫ్లోట్ నీటిని వదిలింది. ఎడమది వదలబోతోంది. ఆ సంగతి ఆమె నడుముకు తెలుస్తోంది. ఇంకొక్క క్షణం. భయం వెయ్యలేదు. తమ్ముడికీ వేసి ఉండదు.

బర్చ్ పక్కకు వచ్చింది. చెయ్యి కదల్లేదు.

పక్కన ఓరిన్ కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

వెర్నా ఇంజను తగ్గించింది. విమానం కుదుపుతో నీళ్ళలో కూర్చుండిపోయింది. చివరి చెట్లు ఇంకా దూరంగానే ఉన్నాయి.

"లేచేదే కదక్కా," అన్నాడు ఓరిన్ కళ్ళు తెరిచి.

"లేచేదే."

"మరి?"

"వాడిదీ లేచింది. నువ్వేగా చెప్పావు."

ఒడ్డు చేరాక ఓరిన్ ఆమె చెప్పకుండానే సగం సంచులు దించాడు. ఇద్దరూ ఫ్లోట్ మీద కూర్చుని గాలి కోసం ఎదురుచూశారు. అతను ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చాడు. చల్లారిపోయింది. వెర్నా అలాగే తాగింది.

కప్పు పట్టుకున్న చేతిని చూసుకుంది. వణకడం లేదు. కాస్త వణికితే బాగుండుననిపించింది.