బురదలో తెల్లకాలు

రేసుల ముందురోజు పొద్దున్నే గుర్రాలను మైదానంలో పరుగెత్తించి చూస్తారు. అది చూడడానికి వచ్చేవాళ్ళలో మా మామయ్యగారు అందరికంటే పాతవారు. రెయిలింగుకు ఆనుకుని, బైనాక్యులర్స్ కళ్ళకు పెట్టుకుని నిలబడతారు. పక్కన నేను ఉంటాను. గుర్రం ఏ వైపు నుంచి వస్తుంటే ఆ వైపు మోచేతిని తాకుతాను. ఆయన అటు తిరుగుతారు. చూసేవాళ్ళకు ఆయనే చూస్తున్నట్టుంటుంది. నిజానికి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. డెక్కల చప్పుడు తప్ప ఆయనకు అందేదేమీ లేదు. మిగతాదంతా నేను పెదవులు పెద్దగా కదపకుండా చెప్తాను.

"ఆయనకి కాఫీలో పడ్డ ఈగ కనపడదు గానీ, మైదానం అవతలి గుర్రం మాత్రం కళ్ళకి కట్టినట్టు కనపడుతుందిట," అంటారు అత్తయ్యగారు.

ఈ నాటకం పత్రిక కోసం. రేసులున్న ప్రతి వారం ఆయన 'రేపటి గుర్రాలు' అనే శీర్షిక రాస్తారు. ఏ రేసులో ఏది గెలవవచ్చో, ఎందుకో చెప్తారు. ఆయన ఒక్క పందెం కూడా కాయరు. ఆ శీర్షిక ఎప్పుడూ ఒకే వాక్యంతో మొదలవుతుంది: 'ఉదయం మైదానంలో కళ్ళారా చూసి రాస్తున్నది.' ఆఫీసులో ఒక కుర్రాడు పాత ఫలితాలన్నీ కంప్యూటర్లో వేసి అదే పని చేస్తానంటున్నాడట. క్రీడల పేజీ చూసే ఆయన ఫోన్లో మామయ్యగారికి ఒకటే మాట చెప్పారు. "మీరు కళ్ళతో చూసి రాస్తున్నంతకాలం ఇది మీదేనండి." ఆ మాట విన్నాక మామయ్యగారు ఆపరేషన్ను సీజన్ అయిపోయేదాకా వాయిదా వేయించుకున్నారు. ఎవరికీ చెప్పవద్దన్నారు. నన్ను వెంట రమ్మన్నారు.

నాకు గుర్రాల గురించి తెలిసింది తక్కువ. రంగు, నుదుటి మచ్చ, కాళ్ళ తెలుపు, రౌతు టోపీ రంగు చెప్తాను. పేరు ఆయన చెప్తారు. ఏ గుర్రానికి ఏ కాలు తెలుపో ఆయనకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. చివర్లో మాత్రం ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "తిరిగొచ్చేటప్పుడు ఎలా నడుస్తోంది?" పరుగులో దాచుకున్న నొప్పి నడకలో బయటపడుతుందంటారు.

సీజన్లో ఆఖరి రేసులకు ముందురోజు తెల్లవారుజామునే వాన పడి వెలిసింది. మైదానం మెత్తబడి ఉంది. రౌతులు ఎర్రటోపీలు పెట్టుకునే శాలనుంచి ఒక్క గుర్రమే వచ్చింది. ముదురు గోధుమరంగు, నుదుట చుక్క. నేలను తన్నుకుంటూ కాదు, నేలమీద రాసుకుంటూ పోతున్నట్టు పరుగెత్తింది.

"కాళ్ళు?" అన్నారు మామయ్యగారు.

"నాలుగూ ఒకటే రంగు."

"తెలుపు లేదూ? సరిగ్గా చూడు."

"లేదు."

"అయితే తొలివాన," అన్నారాయన, బైనాక్యులర్స్ దించకుండానే. "పేరుకే తొలివాన. తడి నేలంటే దానికి గిట్టదు. అలాంటిది ఇవాళ ఇలా పోయిందంటే, రేపు దాన్ని పట్టేదెవరు?"

అదే శాలలో ఉత్తరగాలి అని ఇంకో గుర్రం ఉంది. ఒకే తండ్రి పిల్లలు, చూడడానికి అచ్చు ఒకటే. తేడా అల్లా ఉత్తరగాలికి ఎడమ వెనకకాలు చీలమండ దాకా తెలుపు. పక్కన నిలబడ్డవాళ్ళను అడిగితే ఏ గుర్రమో చెప్పేవారే. కానీ మామయ్యగారు ఇంకొకరిని అడగడమంటే మొత్తం బయటపెట్టుకోవడమే.

మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఆయన చెప్తుంటే నేను రాశాను. మొదటి రేసులో ఫేవరెట్టే గెలుస్తుంది, కాదని వంకలు పెట్టి లాభం లేదు. రెండోదాంట్లో బూడిదరంగు ఆడగుర్రాన్ని మర్చిపోవద్దు, అది వేగం ఆలస్యంగా అందుకుంటుంది. మూడోది ఎవరైనా గెలవవచ్చు. నాలుగోదాంట్లో మోసే బరువు తగ్గించిన గుర్రానికి అవకాశం. అయిదోది పెద్ద రేసు. అక్కడికి వచ్చేసరికి ఆయన గొంతు సవరించుకున్నారు.

"రాయి. తొలివాన. ఈ రోజు మొత్తంమీద నమ్మదగిన గుర్రం ఇదొక్కటే. ఉత్తరగాలి ఉదయం మైదానానికే రాలేదు. ఏదో నలతగా ఉన్నట్టుంది, దాని జోలికి పోకపోవడం మంచిది."

పైన వచ్చే 'కళ్ళారా చూసి' వాక్యం నేనే రాసుకున్నాను. అది ఆయన ఎప్పుడూ చెప్పరు. ఆఫీసుకు పంపించేశాను.

సాయంత్రం మా అమ్మాయి బడినుంచి వచ్చి బూట్లు గుమ్మం దగ్గర విసిరేసింది. ఆటల రోజు కాబట్టి తెల్లబూట్లు. నాకు కనపడ్డవి మాత్రం గోధుమరంగు బూట్లు.

"వేరేవాళ్ళవి వేసుకొచ్చావా?"

"నావే అమ్మా. గ్రౌండంతా బురద."

కుళాయి కింద పెట్టాను. బురద కారిపోయి వెనకనుంచి తెలుపు రాసాగింది. కుళాయి కట్టకుండా అలాగే నిలబడిపోయాను.

లోపలికి వెళ్ళి, పొద్దున గుర్రం కాలి తెలుపు కూడా బురదకింద ఉండిపోయిందేమో అని చెప్పాను. మామయ్యగారు రేడియో ఆపారు.

"పరుగు ఆపేటప్పుడు తల ఏం చేసింది?"

"కుడిపక్కకి విదిలించింది."

"ఒకసారా?"

"రెండుసార్లు."

"అది ఉత్తరగాలి అలవాటు. చిన్నప్పటినుంచీ ఉంది. ముందే చెప్పొద్దూ?"

"మీరు అడగలేదు మామయ్యగారూ. రౌతు పగ్గం గట్టిగా లాగాడేమో అనుకున్నాను."

అత్తయ్యగారు వంటింట్లోంచే అందుకున్నారు. "ఇప్పుడేం కొంప మునిగింది? మీరు చెప్పిన గుర్రాలన్నీ ఇదివరకు గెలిచాయా? ఊరుకోండి." ఎప్పుడూ ఎత్తిపొడిచే మనిషి అలా వెనకేసుకొస్తుంటే నాకే వింతగా అనిపించింది.

"ఓడిపోతే నా లెక్క తప్పిందంటారు. పరవాలేదు. మైదానంలో అంత బాగా పరుగెత్తినదాన్ని రాలేదని, నలతగా ఉందని రాశాను. దాని యజమాని ఏమనుకుంటాడు? ఫోన్ కలుపమ్మా."

ఆయనకు మీటలు కనపడవు కాబట్టి క్రీడల పేజీ ఆయనకు నేనే కలిపి, స్పీకర్ పెట్టి ఇచ్చాను.

"అయిదో రేసులో పేర్లు తారుమారయ్యాయి. తొలివాన తీసేసి ఉత్తరగాలి వెయ్యి. రాలేదు, నలతగా ఉందన్న వాక్యాలు కొట్టెయ్యి," అన్నారు మామయ్యగారు.

"అదేంటండి, కళ్ళారా చూశానని పైన మీరే రాశారు కదా? చూసింది ఏదాన్ని? పేజీ వెళ్ళిపోయే టైమైంది. ఇప్పుడు మార్చాక మళ్ళీ అది కాదు ఇదంటే నా ఉద్యోగం ఊడుతుంది."

మామయ్యగారు నా వైపు తిరిగారు. నేను ఉన్నచోటికి కాదు, కొంచెం పక్కకు.

"నేను చూడలేదు," అన్నారు. "నాకు చూపు ఆనడం లేదు. చూసింది మా కోడలు. తను చూసింది సరిగ్గానే చెప్పింది. కాలికి బురద ఉంటుందన్న సంగతి నాకు తట్టలేదు. నేనే చూసి ఉంటే నడకను బట్టే పట్టేవాణ్ణి."

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు వినపడింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఈ సీజనంతా."

"సరే. ఉత్తరగాలి. మార్చాను. మిగతాది రేపు మాట్లాడదాం."

మామయ్యగారు ఫోన్ నాకిచ్చేసి రేడియో పెట్టుకున్నారు. ఏ స్టేషనూ సరిగ్గా తగల్లేదు. ఆ గరగరనే వింటూ కూర్చున్నారు.

పొద్దున పత్రిక రాగానే అలవాటు ప్రకారం నేను పైకి చదివాను. "మొదటి రేసులో ఫేవరెట్టే..."

"ఆగు. పై వాక్యం వదిలేశావు."

"లేదు మామయ్యగారూ. వాళ్ళు వెయ్యలేదు."

తల కొట్టేసినట్టయింది ఆయనకు. అత్తయ్యగారు కాఫీ కప్పు ఆయన చేతికి అందేలా జరిపి వెళ్ళిపోయారు.

"చదువు," అన్నారాయన.

రేసులకు వెళ్ళాం. రానంటారేమో అనుకున్నాను. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తయారయ్యారు. బైనాక్యులర్స్ మాత్రం ఇంట్లోనే వదిలేశారు. ఫేవరెట్ గెలిచింది. బూడిదరంగు ఆడగుర్రం మరీ ఆలస్యంగా అందుకుంది. అయిదో రేసుకు ముందు క్రీడల పేజీ ఆయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. ఫోన్లో గొంతు విని లావుపాటి మనిషి అనుకున్నాను. సన్నగా, చొక్కా చేతులు మడిచి ఉన్నారు.

"కొత్త సీజన్ మొదట్లో ఆ కుర్రాడు రాస్తాడండి," అన్నారు మొహమాటపడుతూ. "మీ ఆపరేషన్ అయ్యాక ఒకరోజు పొద్దున నేనే మీతో మైదానానికి వస్తాను. రెయిలింగ్ దగ్గర నిలబడి నాకు పేర్లు చెప్పండి. అప్పుడు ఆ మొదటి వాక్యం మళ్ళీ వేద్దాం."

"పరీక్ష పెడతావన్నమాట."

"పెట్టకపోతే పైవాళ్ళు నన్నడుగుతారండి."

"పెట్టు," అన్నారు మామయ్యగారు. "బురదరోజు చూసి పెట్టు."

రేసు మొదలైంది. నేను ఈసారి గొంతు తగ్గించలేదు. ఉత్తరగాలి మలుపు దాకా ముందుంది. తొలివాన మొదటినుంచీ వెనకే, తడి నేలమీద కాలు మోపడానికి ఇష్టపడనట్టు. చివరి గీత దగ్గర ఇంకో శాల గుర్రం బయటివైపునుంచి వచ్చి ఉత్తరగాలిని తల పొడవు తేడాతో దాటిపోయింది. రెండో స్థానం.

"తల పొడవేనా?"

"అంతే మామయ్యగారూ."

"తిరిగొచ్చేటప్పుడు ఎలా నడుస్తోంది?"

"బాగానే. నాలుగు కాళ్ళూ సమంగా వేస్తోంది."

"తెలుపుందా?"

"ఇప్పుడు చెప్పలేను. ఉండండి, కడుగుతున్నారు."

గుర్రపువాడు పైపుతో వెనకకాళ్ళమీద నీళ్ళు కొడుతున్నాడు. మామయ్యగారు రెయిలింగుకు ఆనుకుని నేను చెప్పేదాకా ఆగారు.

"ఎడమది తెల్లబడింది," అన్నాను. "చీలమండ దాకా."

ఆయన తల ఊపారు. "ఇంటికెళ్ళాక ఆ కళ్ళ డాక్టరుకి ఫోన్ చెయ్యి," అన్నారు. "ఈ వారంలోనే రమ్మంటాడేమో కనుక్కో."