చెరువులో లేని నీళ్లు

పొద్దున్నే ఆరున్నరకి బెరిల్ సగ్డెన్ హోల్రాయిడ్ పార్కు ఇనప గేటు తోసుకుని లోపలికి వచ్చేది. పెచ్చులూడిన బ్యాండు మండపం, ముక్కు విరిగిన విక్టోరియా రాణి విగ్రహం, అద్దాలు పగిలిన పూలమొక్కల ఇల్లు, ఆ తరవాత పడవల చెరువు. మూడు చుట్లు. డాక్టరు పరుగెత్తమన్నాడు కాబట్టి పరుగెత్తేది. సైకిలు తొక్కమని ఉంటే అదీ తొక్కేది.

తొమ్మిదేళ్లు ఆమె వాళ్లమ్మకి మంచం మీదే అన్నీ చేసింది. అందుకోసం లైబ్రరీలో ఉద్యోగం మానుకుంది. ఫిబ్రవరిలో ఆవిడ పోయింది. అంత్యక్రియలనాడు బెరిల్ వచ్చినవాళ్లకి శాండ్‌విచ్‌లు పంచి, ప్లేట్లు కడిగి, తుడిచి, బీరువాలో సర్దింది. ఎంత గట్టి మనిషో అనుకున్నారు అందరూ. గట్టితనం కాదు, లోపల ఏమీ లేదు, అంతే. టీ తాగి నాలుక కాల్చుకున్నా తెలిసేది కాదు. లీడ్స్ నుంచి తమ్ముడు క్లైవ్ ఆదివారాలు ఫోను చేసి ఎలా ఉన్నావని అడిగితే బాగానే ఉన్నానని చెప్పేది. అది నిజమో కాదో ఆమెకే తెలీదు.

చెరువులో నీళ్లు తీసేసి ఇరవై ఏళ్లయింది. అయిదడుగుల కింద బీటలిచ్చిన కాంక్రీటు, ఎండుటాకులు. హంసలు మాత్రం వెళ్లలేదు. నీళ్లున్నప్పుడు ఎక్కడ తేలేవో అక్కడే, అంత ఎత్తులోనే, ఇప్పటికీ తేలుతుండేవి. తల్లులు పిల్లల చేత రొట్టె వేయిస్తే, ముక్కలు కాసేపు తేలి, నాని, అప్పుడు కింద పడేవి. వాటిని ఊడవలేక తోటమాలి నోరిస్ గొణుక్కునేవాడు. నీళ్లు పోయాయని హంసలకి ఎవరైనా చెప్పాలనీ, తను చెబుదామంటే కరుస్తాయనీ అనేవాడు.

నవంబరులో ఒకరోజు దారంతా మంచు పేరుకుంది. రెండో చుట్టులో బెరిల్ పడవల షెడ్డు మలుపు దగ్గరికి వచ్చింది. అక్కడ చెరువు గట్టు కమ్మీలు ఊడిపోయి చాలాకాలమైంది. మలుపు కనిపిస్తూనే ఉంది. పక్కకి తిరగాలని తెలుసు. తిరగబుద్ధి కాలేదు. దూకాలనీ అనుకోలేదు. తిన్నగా వెళ్లిపోయింది.

కాంక్రీటు తగల్లేదు. చలి తగిలింది. కంటికి కనపడని నీళ్లు ఆమెని మెడదాకా పట్టుకున్నాయి. ముక్కులోకి, చెవుల్లోకి పోయాయి. పక్కనున్న హంస బుసకొట్టి తప్పుకుంది. ఎముకల్లోకి దిగిన ఆ చలికి బెరిల్ గొంతు చించుకుని అరిచింది. అంత గొంతు తనకుందని ఆమెకి గుర్తే లేదు.

నోరిస్ పరుగున వచ్చి, పాత పడవల కొక్కెం కర్ర అందించి, గట్టు మీదికి లాగాడు.

"జారావా తల్లీ, లేకపోతే..."

"తెలీదు నోరిస్ గారూ."

నోరిస్ ఆమెని తన గదికి తీసుకెళ్లి, తడిసి కారుతున్న బట్టల మీదే తన పాత ఓవర్‌కోటు కప్పి, నాలుగు చెంచాల పంచదార వేసి టీ కలిపి ఇచ్చాడు. కప్పు అంచు పెదవిని చురుక్కుమనిపించింది. ఆమె కప్పు కిందపెట్టి పెదవి తడుముకుంది.

"చెరువు చాలా చల్లగా ఉంది," అంది.

"ఉండదా మరి."

"చివరి వారం మా అమ్మ పాదాలు ఇలాగే ఉండేవి. ఎంత రుద్దినా వేడెక్కేవి కాదు."

అంతే, ఏడుపు వచ్చేసింది. సన్నగా మొదలై, భుజాలు అదిరేదాకా వెళ్లింది. నోరిస్ అటు తిరిగి, అప్పటికే పదునుగా ఉన్న కత్తెరని ఆకురాయి మీద మళ్లీ నూరుతూ కూర్చున్నాడు. ఆ ఏడుపు ఎనిమిది దాటేదాకా సాగింది. తరవాత రేపు వస్తావా అని అడిగాడు.

"రేపు రాను," అంది బెరిల్, కోటు చేతితో ముక్కు తుడుచుకుంటూ. "రేపు పడుకుంటాను."

ఆ కోటుతోనే ఇంటికి వెళ్లింది. రాత్రిపూట పిలిస్తే వినపడాలని ఆ తొమ్మిదేళ్లూ అమ్మ గది తలుపు తెరిచే ఉంచేది, ఆవిడ పోయాక కూడా మూయలేదు. ఆ సాయంత్రం గుమ్మంలో కాసేపు నిలబడి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి, తన గదిలోకి వెళ్లి, మర్నాడు మధ్యాహ్నందాకా నిద్రపోయింది.